ఆవకాయ జాడీ వేరు, సలాడ్ సీసా వేరు

సోమవారం పొద్దున మా ఆఫీసు పాంట్రీలో ఫ్రిజ్ తలుపు తీస్తే చిన్న సైజు బొమ్మల కొలువు కనబడుతుంది. వెడల్పు మూతి గాజు సీసాలు, వాటి నిండా రంగురంగుల పొరలు. అడుగున పసుపుపచ్చగా ఏదో ద్రవం, దాని మీద కారెట్టు, ఆపైన శనగలు, ఆపైన ఎర్ర కాబేజీ, అన్నిటికన్నా పైన ఆకులు. మూత మీద పేరు, వారం. ఆదివారం సాయంత్రం ఓ గంటన్నర కూర్చుని అన్నీ తరిగి సర్దేసుకుంటే శుక్రవారం దాకా లంచ్ గొడవ లేదన్నమాట. వాటిని చూసి నవ్వుకునే జనం కూడా ఉన్నారు. "ఫొటో కోసం తింటారా, తినడానికి ఫొటో తీస్తారా" అని.

నేను నవ్వను. ఎందుకంటే ఆదివారం విడిచి ఆదివారం నేనూ ఇదే పని చేస్తాను. నా కోసం కాదు, వైరాలో ఒక్కడే ఉంటున్న మా నాన్న కోసం.

వైరా తెలియనివాళ్ళకి ఓ రెండు ముక్కలు. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల లోపే వస్తుంది. నిజాం కాలంలో కట్టిన రిజర్వాయరు, దాని కింద వరి పొలాలు. అక్కణ్ణుంచి తల్లాడ వెళ్ళి కొత్తగూడెం రోడ్డు పట్టుకుంటే అడవి మొదలవుతుంది, అలా పోతూ ఉంటే భద్రాచలం. ఇదంతా ఎందుకంటే, చెరువు కింద వరి, పక్కనే ఖమ్మం మిర్చి మార్కెట్టు, ఈ రెండూ కలిసి మా ఇంటి భోజనాన్ని తరాల కిందటే ఫిక్స్ చేసేశాయి. మూడు పూటలా అన్నం, అందులోకి జాడీలోంచి కారం. ఆకుకూర అంటే పప్పులోకి. పచ్చి కూరగాయ అంటే మజ్జిగన్నంలో నంజుకునే ఉల్లిపాయ ముక్క. అంతే. రిజర్వాయరు చేపల గురించి ఎత్తితే ఈ వ్యాసం దారి తప్పుతుంది కాబట్టి ఎత్తను :)

నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన తిండి గురించి మేమెవ్వరం ఆలోచించలేదు, ఆ అవసరం రాలేదు. ఆవిడ ఆయనకి తెలియకుండానే కంచంలో అన్నం తగ్గించేది, కూర పెంచేది. అన్నం వడ్డించే ముందు కీరదోసకాయ ముక్కలు ఓ గిన్నెలో వేసి "ఇవి తింటూ ఉండండి, అన్నం ఉడుకుతోంది" అనేది. అన్నం ఎప్పుడో ఉడికిపోయి ఉండేది! 2015లో న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవాళ్ళు పదకొండుమంది షుగరు పేషంట్ల మీద ఓ చిన్న పరిశోధన చేశారు. అదే భోజనాన్ని ముందు కూరగాయలు, మాంసం తిని, బ్రెడ్డు తర్వాత తింటే, రక్తంలో గ్లూకోజు పెరగడం బాగా తగ్గిందని తేల్చారు. మా అమ్మ ఆ పేపరు చదవలేదని వేరే చెప్పనక్కర్లేదు.

రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. హైదరాబాదు రమ్మంటే నాన్న రారు. వస్తే పదో రోజుకి బాల్కనీలో నిలబడి బస్సుల నంబర్లు చూస్తుంటారు. ఇది నా ఒక్కడి కథ కాదు. మన టీముల్లో ఊరి దగ్గర ఒంటరిగా అమ్మో నాన్నో లేనివాళ్ళు ఎంతమంది? కాల్ మధ్యలో మ్యూట్ చేసి "తిన్నావా?" అని అడిగి, "తిన్నాన్రా" అనిపించుకుని మళ్ళీ అన్‌మ్యూట్ చేసేవాళ్ళమే చాలామందిమి. ఏం తిన్నారు అనేది రెండో ప్రశ్న. దాన్ని మనం అడగం, అడిగినా వాళ్ళు నిజం చెప్పరు.

వంటమనిషి ఉంది. పొద్దున ఏడింటికి వస్తుంది, ముప్పావుగంటలో అన్నం, ఓ కూర, చారు చేసేసి ఇంకో రెండిళ్ళకి వెళ్ళాలి. బాగా చేస్తుంది. కానీ ఐదు రకాల కూరగాయలు సన్నగా తరిగిపెట్టడం ఆ ముప్పావుగంటలో పట్టదు. అడిగితే చేస్తుందేమో, నాన్న అడగరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు తినమని ఉంది. నాన్న కంచంలో కూర చూస్తే నలభై గ్రాములుంటే ఎక్కువ. అది కూడా అలంకరణ కోసం అన్నట్టు ఓ పక్కన. మధ్యలో అన్నం గుట్ట, గుట్ట మీద ఆవకాయ.

అంచేత మా అక్కా నేనూ ఓ ఏర్పాటు చేసుకున్నాం. అక్క ఖమ్మంలో ఉంటుంది. ఓ ఆదివారం తను, ఓ ఆదివారం నేను. సాయంత్రం కూర్చుని నాలుగు అరలీటరు సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేస్తాం. సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక సీసా. శుక్ర, శని వారాలు వంటమనిషి కీరదోస కోసి పెడుతుంది. రెండురోజులే కాబట్టి తనకీ కష్టం లేదు, నాన్నకీ మొహమాటం లేదు.

ఇక అసలు విషయం. ఈ సీసాని నాన్న చూసిన మొదటి రోజు ఓ మాటన్నారు. "జాడీలో పెట్టింది చెడిపోద్దా ఏంది? మీ అమ్మ పెట్టిన మాగాయ రెండేళ్ళు తిన్నాం."

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఆయన అన్నది తప్పు కాదు. ఆయనకి తెలిసిన జాడీ విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆ జాడీ చేసే పనీ ఈ సీసా చేసే పనీ ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా.

మన పూర్వీకుల నిలవ విద్య మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: నీళ్ళని వెళ్ళగొట్టు. దోసకాయ ఒరుగులు, వంకాయ ఒరుగులు, వడియాలు, అప్పడాలు, మా పక్క అడవిలో కోయవాళ్ళు ఎండబెట్టి దాచుకునే ఇప్పపువ్వు, అన్నీ ఎండ చేత నీళ్ళు తీయించినవే. ఎండబెట్టనివాటికి ఉప్పు. ఆవకాయలో గిన్నె కారానికి గిన్నె ఉప్పు వేసేది మా ఇంట్లో. అంత ఉప్పు మామిడి ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది. అందుకే మూడో రోజు జాడీ తీసి తిరగకలిపితే ఊట కనిపిస్తుంది. ఆ ఊట కూడా ఉప్పుతో, పులుపుతో నిండి ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులకి అది నీరు కిందే లెక్క కాదు. పైన నూనె తేలుతుంటే గాలి తగలదు. జాడీకి వాసెన కట్టేసి, తడి చెయ్యి పెట్టకుండా, పొడి గరిటెతో తీసుకుంటే ఏడాది. ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు, ప్రిజర్వేటివ్ అని పేరు పెట్టి పోసిందేమీ లేదు. ఇంజనీరింగ్ అంటే అదీ.

సలాడ్ సీసాలో మనం చేసేది ఏమిటి? నీళ్ళు ఎక్కడివక్కడే ఉండాలని చూడటం. కీరదోస నూటికి తొంభై అయిదు పాళ్ళు నీళ్ళు. ఆ నీళ్ళు ముక్కలోనే ఉంటే కరకర, బయటికొస్తే బురద. కొత్తిమీర ఆకు మీద తడి ఉంటే రెండో రోజుకి నల్లబడి జారుడుగా అయిపోతుంది. అంటే ఇక్కడ ఉప్పు శత్రువు. మరి ఉప్పూ నిమ్మరసమూ లేకుండా పచ్చి ముక్కలు తినడానికి మా నాన్న ఆవు కాదు గదా (ఆయన మాటే).

అందుకే పొరలు. ఆ పొరలు అందం కోసం అనుకుంటారు చాలామంది. పొరలు లేకపోతే అది మామూలు డబ్బాలో వేసిన కూరగాయ ముక్కలు, సాయంత్రానికి నీళ్ళు వదిలేస్తుంది. పొరలు ఉన్నాయి కాబట్టే నాలుగు రోజులు.

అన్నిటికన్నా అడుగున ఉప్పు, నిమ్మరసం, జీలకర్ర పొడి, మిరియాల పొడి, రెండు చెంచాల నువ్వుల నూనె. (ఆలివ్ నూనె ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, కొబ్బరి నూనె సంగతి సరేసరి. నువ్వుల నూనె బుద్ధిగా పారుతుంది.) దానిలో మునిగేది ఏదో అది మునిగితే బాగుపడేదై ఉండాలి. ఉల్లిపాయ చక్రాలు అలాంటివే. నిమ్మరసంలో ఓ రోజు నానితే ఘాటు పోయి గులాబీరంగు తిరుగుతాయి. అదే ఉల్లిపాయని పైన వేస్తే సీసా మొత్తం ఉల్లి వాసనే. ఉల్లి మీద కారెట్టు, ముల్లంగి. ఇవి గట్టి సరుకు, ఉప్పు తగిలినా ఓ పట్టాన లొంగవు. ఇదే గోడ. ఈ గోడ రెండంగుళాలు ఉంటే పైనున్నవాళ్ళు క్షేమం. దాని మీద ఉడకబెట్టి, వార్చి, పూర్తిగా చల్లారబెట్టిన శనగలో అలసందలో. వేడివేడిగా వేసి మూత పెడితే ఆవిరి పైకెళ్ళి నీటిబొట్లై ఆకుల మీద పడుతుంది, పెట్టిన శ్రమంతా అవుట్. ఆపైన గింజల భాగం గీకేసిన కీరదోస. దాని మీద కాబేజీ, ఆపైన గుడ్డ మీద పరిచి గంటసేపు ఆరబెట్టిన కొత్తిమీర, పుదీనా. లెట్యూస్ వైరాలో దొరకదు, దొరకనక్కర్లేదు. కాబేజీ దానికన్నా నాలుగు రోజులు ఎక్కువే నిలుస్తుంది.

టమాటా వెయ్యం. కోసిన టమాటా ఏ పొరలో పెట్టినా పక్కవాళ్ళ మీద కారుతుంది. వేయించిన పల్లీలు విడిగా ఓ డబ్బాలో. తినేముందు గుప్పెడు చల్లుకోవడమే. బీట్‌రూట్ వేస్తే మూడో రోజుకి సీసా అంతా ఒకే రంగు, చూస్తే హత్య జరిగినట్టుంటుంది.

మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా స్టాక్. మొదట వేసింది చివర్న బయటికొస్తుంది. సీసాని కంచంలోకి బోర్లిస్తే ఆకులు ముందు పడి అడుగున పరుచుకుంటాయి, వాటి మీద కాబేజీ, శనగలు, ఆఖర్న నిమ్మరసం వచ్చి అన్నిటి మీదా పడుతుంది. నాలుగు రోజులు ఎవరికీ తగలకుండా ఆపిన ఉప్పు, తినే నిమిషంలో అందరికీ అందుతుంది. మొదటిసారి బోర్లించినప్పుడు నాన్న "ఓహో" అన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. ఆ ఓహో నాకు ప్రొడక్షన్ రిలీజ్ కన్నా ఎక్కువ.

సీసా చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. ఈ మరమూత గాజు సీసాకి 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ వాటిని మేసన్ జార్లనే అంటారు. అవి అక్కడివాళ్ళు పళ్ళూ కూరగాయలూ ఏడాదికి నిలవచెయ్యడానికి వాడినవి. కానీ అక్కడ సీసాలో పెట్టి, మరిగే నీళ్ళలోనో ప్రెషర్‌లోనో ఉంచి, సూక్ష్మజీవులని చంపి, గాలి చొరకుండా మూత బిగుసుకునేలా చేస్తారు. సలాడ్‌వాళ్ళు ఆ సీసాని అరువు తెచ్చుకున్నారు గానీ ఆ వేడిని తెచ్చుకోలేదు. అంటే అమెరికా నాన్నలకి కూడా మా నాన్నకి వచ్చిన అనుమానమే వచ్చే అవకాశం ఉంది. వాళ్ళ అమ్మల సీసా కూడా ఏడాది నిలిచేదే మరి. మా ఇంట్లో అయితే ఆ పాత్ర హార్లిక్స్ సీసాలది. కందిపొడి, కారప్పొడి, చింతపండు, అన్నీ వాటిల్లోనే. గాజు సీసా అంటే మన బుర్రలో "నిలవ" అనే లేబుల్ అతికి ఉంది. అది ఊడదీయడం తేలిక కాదు.

ఎంత తేలిక కాదో మే నెలలో తెలిసింది. ఓ శుక్రవారం పొద్దున ఆరింటికి వీడియో కాల్ చేస్తే నాన్న వెనకాల డైనింగ్ టేబుల్ మీద సీసా కనబడింది. గురువారం నాటిది మిగిలిందేమో అనుకుని అడిగితే, "ఇవాళ మధ్యాహ్నానికిరా. ఫ్రిజ్‌లోది పళ్ళకి జిల్లుమంటాంది, పొద్దున్నే తీసి పెడతన్నా" అన్నారు. ప్రతిరోజూ ఆరింటికి తీసి బయట పెట్టి, ఒంటిగంటకి తింటున్నారు. ఏడు గంటలు. ఖమ్మం ఎండలు మీకు చెప్పక్కర్లేదు, నలభై అయిదు దాటిన రోజులున్నాయి. మామూలు ఇళ్ళలోనే, వండిన పదార్థాలనీ కోసిన ముక్కలనీ బయట రెండు గంటలకి మించి ఉంచొద్దని, ముప్పై రెండు డిగ్రీలు దాటితే గంటే అని అమెరికా వ్యవసాయశాఖవాళ్ళ లెక్క. ఉడికిన శనగలు ఉన్న సీసా వైరా మే నెలలో ఏడు గంటలు! షుగరున్న పెద్దవాళ్ళకి ఒక్కసారి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే అది ఒక్క కడుపుతో పోదు. తిండి ఆగుతుంది, మాత్రలు ఆగవు, షుగరు పడిపోతుంది. రాత్రిపూట ఒక్కరే ఉన్న ఇంట్లో. ఈ సీన్ నా బుర్రలో అప్పటినుంచీ తిరుగుతూనే ఉంది.

నేను ఫోన్లో ఉష్ణోగ్రతలు, బాక్టీరియా, ఇరవై నిమిషాలకి రెట్టింపు, అన్నీ చెప్పాను. నాన్న విన్నారు. లెక్కల మాస్టారు కదా, రెట్టింపులు ఆయనకి నాకన్నా బాగా వచ్చు. "సరేలేరా" అన్నారు. ఆ "సరేలేరా" అంటే ఏమిటో మీకూ తెలుసు.

అక్క ఒక్క మాటతో తేల్చేసింది. "నాన్నా, ఇది ఆవకాయ అనుకోకు. పాలు అనుకో."

అంతే. అది ఎక్కింది. పాల విషయంలో నాన్నకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాచని పాలు బయట పెట్టరు, మే నెలలో గంట ఆలస్యమైతే విరుగుతాయని తెలుసు, కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు ఎవర్నీ తియ్యనివ్వరు. తర్వాతి ఆదివారం అక్క నాలుగు సీసాల మూతల మీదా మార్కర్‌తో "పాలు" అని రాసింది. వంటమనిషి చూసి "ఇవేం పాలమ్మా, ఆకులున్నయి?" అని అడిగిందట. జిల్లుమనడానికి ఉపాయం నాన్నే కనిపెట్టారు. స్నానానికి వెళ్ళేముందు సీసాని వెడల్పు కంచంలోకి బోర్లించి, మూత పెట్టి వెళ్తారు. ఇరవై నిమిషాల్లో పలచగా పరిచిన ముక్కలకి చలి విరిగిపోతుంది. సీసాలో ఉంటే గంటైనా విరగదు.

ఫ్రిజ్ సంగతి ఒకటి. నాన్న దాన్ని కరెంటు బిల్లు కోసం అతి తక్కువ నంబరు మీద పెట్టుకున్నారు. రెండొందల చిల్లర పెట్టి ఓ చిన్న థర్మామీటరు కొని లోపల పెడితే తొమ్మిది డిగ్రీలు చూపించింది. నాలుగు ఉండాలి. మీ ఇంట్లో వాళ్ళ ఫ్రిజ్ ఎంత చూపిస్తోందో ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడండి, ఆశ్చర్యపోతారు. మేలో గాలిదుమారం వస్తే కరెంటు పోతుంది. తలుపు తియ్యకుండా ఉంటే నాలుగు గంటల దాకా పరవాలేదు, ఆపైన పోతే శనగలున్న సీసాలు పారేయాల్సిందే. పారేయడం నాన్నకి ప్రాణం మీదికొస్తుంది. అందుకే వేసవిలో నాలుగు కాదు, రెండు సీసాలకి శనగలు వేసి, మిగతా రెండిట్లో ఒట్టి కూరగాయలే.

ఐదో సీసా గురించి ఓ మాట. ఆఫీసులో శుక్రవారానిది కూడా ఆదివారమే చేసేవాళ్ళున్నారు. చల్లటి ఫ్రిజ్‌లో ఒట్టి కాబేజీ, కారెట్ అయితే నిలవొచ్చు. ఉడికించిన పప్పులకీ, పనీరుకీ, గుడ్లకీ ఐదో రోజు అత్యాశ. మూత బిగుతుగా ఉంది కదా, గాలి తీసే పంపుతో పీల్చేశాం కదా అంటారు. గాలి లేకపోతే ఆకు వాడదేమో గానీ, గాలి లేని చోటే పెరిగే జీవులు కొన్ని ఉన్నాయి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఓ రెస్టారెంటులో నూనెలో వేసిన వెల్లుల్లి ఫ్రిజ్ బయట పెట్టి వాడటం వల్ల 36 మందికి బొటులిజం వచ్చింది. మన వెల్లుల్లి ఆవకాయకి ఆ భయం లేదు. అందులో ఉప్పుంది, మామిడి పులుపుంది. ఒట్టి నూనెలో పచ్చి వెల్లుల్లి వేసి సీసా అడుగున పోసే డ్రెస్సింగుకి అవి లేవు. మేం వెల్లుల్లి మానేశాం.

మొలకలు కూడా పచ్చివి మానేశాం. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. మొలకెత్తిన పెసలంటే మనవాళ్ళకి ఆరోగ్యానికి మారుపేరు. కానీ మొలక రావడానికి కావలసిన తడీ వెచ్చదనమూ సూక్ష్మజీవులకీ పండగే. 2011లో జర్మనీలో ఇ.కోలై వ్యాపించి యాభైమందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ కీరదోసకాయల మీద నింద వేశారు. పాపం అక్కడి రైతులు పంట పారబోసుకున్నారు. చివరికి తేలింది మెంతి మొలకలు! నాన్న సీసాలో మొలకలు వెయ్యాలంటే ముందు బాగా ఉడికించి వేస్తాం. కరకర తగ్గుతుంది, తగ్గనీండి.

సలాడ్‌కి మా ఇంట్లో చోటు లేదన్నట్టు రాశాను గానీ, ఏడాదికోసారి ఉండేది. శ్రీరామనవమికి వడపప్పు. నానిన పెసరపప్పు, కీరదోస, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి, మామిడికాయ తురుము. భద్రాచలం పక్కనున్న ఊళ్ళవాళ్ళం, అది లేకుండా నవమి ఎలా? ఒక్కటి గమనించండి, వడపప్పుని ఎవరూ రేపటికి దాచరు. సాయంత్రానికే పులిసిన వాసన వస్తుందని పిల్లలకీ తెలుసు. పంచిపెట్టేస్తారు. అంటే మనవాళ్ళ లెక్కలో రెండే రకాలు: ఈ పూటకి తినేసేది, ఏడాదికి దాచుకునేది. నాలుగు రోజులు ఉండేది అనే మధ్య రకం ఫ్రిజ్‌తో పాటు వచ్చింది. దాని కోసం మన ఇళ్ళల్లో సామెత లేదు, ఆచారం లేదు, తడి చెయ్యి పెట్టొద్దు లాంటి ఒక్క రూలు లేదు. "పాలు" అనే మాట ఆ ఖాళీలో పట్టింది.

ఇంతకీ షుగరు తగ్గిందా అంటారా? మూడు నెలల సగటు 8.4 నుంచి 7.6కి వచ్చింది. అదే సమయంలో డాక్టరు గారు మాత్ర కూడా మార్చారు, కాబట్టి ఆ క్రెడిట్ సీసాకి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. రెండు మార్పులు ఒకేసారి డెప్లాయ్ చేస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్తారు? కానీ అన్నం గుట్ట తగ్గింది, అది కంటికి కనబడుతోంది. కడుపులో చోటు లేకపోతే గుట్ట ఎక్కడికెళ్తుంది?

ఇదంతా చూసి మా బంధువుల్లో ఒకరు "ఫ్రిజ్‌లో ముక్కలు పెట్టి పోతే కొడుకు బాధ్యత తీరినట్టేనా" అన్నారు. తీరలేదు, తీరుతుందని నేనూ అనుకోలేదు. కానీ ఆదివారం సాయంత్రం ఆ గంటన్నర నాన్నా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఆయన కారెట్లు చెక్కు తీస్తారు, నేను తరుగుతాను. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో అంతసేపు ఎదురెదురుగా కూర్చున్న గుర్తు నాకు లేదు. ఎక్కువేం మాట్లాడుకోం. కాలవ నీళ్ళు, మిర్చి ధర, ఎవరి మనవరాలికి ఎక్కడ సీటొచ్చింది. ఓసారి మాత్రం "మీ అమ్మ కీరదోస చేదు తియ్యడానికి తొడిమ కోసి రుద్దేది" అని తనే కోసి రుద్ది చూపించారు.

చేసేవాళ్ళెవరైనా ఉంటే ఓ రెండు సంగతులు. వెడల్పు మూతి సీసాలే కొనండి, బోర్లించడానికి. మూత మరీ బిగించకండి. ఫ్రిజ్ చలికి అది ఇంకా బిగుసుకుంటుంది. డెబ్భై నాలుగేళ్ళ మణికట్టుకి అది రాదు, రాకపోతే ఆ సంగతి ఫోన్లో చెప్పరు, ఆ రోజు సలాడ్ మానేస్తారు. మాకు ఓ గురువారం సీసా ఆదివారం దాకా అలాగే కనిపిస్తే గానీ తెలియలేదు.

మార్చి నుంచి ఇంకో చిక్కు వచ్చింది. సోమవారం సీసాలో అక్క సరదాకి పచ్చి మామిడికాయ ముక్కలు వేసింది, గురువారం సీసాలో కూడా. నాన్న సోమవారం ఒకటి, మంగళవారం రెండోది తినేశారు. మామిడికాయ లేని శనగల సీసాలు వెనక్కి పోయి, రెండోది గురువారం దాకా ఆగింది. చీటీల మీద వారాలు రాసి ఉన్నా సరే. అడిగితే "చదివాన్రా, బానే రాసింది" అన్నారు. ఇప్పుడు మామిడికాయ నాలుగిట్లోనూ వేస్తున్నాం, అదీ అడుగు పొరలో, నిమ్మరసం తగ్గించి. ముల్లంగి మాత్రం ఈ వారం నుంచి వద్దట.